నిప్పుల మీద కాల్చిన రొయ్యలు, స్క్విడ్‌లతో థాయ్ ‘యామ్’

థాయ్ భాషలో ‘యామ్’ అంటే కలపడం. నిమ్మరసం, చేపల సాస్, పచ్చిమిరపకాయలు, కొద్దిగా తీపి చేర్చిన పలుచని రసంలో మాంసాన్నో చేపనో పచ్చి ఆకులతో కలిపి, కలిపిన వెంటనే తినే వంటకాలకు థాయ్‌లాండ్‌లో ఇదే పేరు. సముద్రపు సరుకుతో చేస్తే దానిని ‘యామ్ తలే’ అంటారు. ‘తలే’ అంటే సముద్రం. మామూలుగా రొయ్యలనూ, స్క్విడ్ అనే మెత్తని సముద్రపు జీవి ముక్కలనూ మరిగే నీటిలో కొద్దిసేపు ముంచి తీసి దీనిని చేస్తారు. నేను వివరించబోయేది వాటిని బొగ్గుల మీద కాల్చి చేసే పద్ధతి. యామ్‌కు దగ్గరి చుట్టమైన ‘ఫ్లా’ అనే మరో వంటకం ఉంది. అందులో సన్నగా తరిగిన నిమ్మగడ్డి, పుదీనా, వేయించిన మిరపకాయల ముద్ద ధారాళంగా పడతాయి. కాల్చిన రొయ్యల పొగ వాసనకు ఆ మూడూ ఎంతో బాగా నప్పుతాయి కనుక వాటిని ఇందులోకి తీసుకున్నాను.

మనవాళ్లు ఈ వంటకం చేసేటప్పుడు పొరబడేది రుచుల దగ్గర కంటే వరుస దగ్గర. రొయ్యలు ఇంటికి రాగానే పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి పక్కన పెట్టడం, పొయ్యి మీదికి ఎక్కాక రుచి చూసి ఉప్పుకారాలు సరిదిద్దుకోవడం మన వంటింటి అలవాటు. ఇక్కడ ఆ వరుస తిరగబడాలి. రసం ముందుగా తయారై, దాని రుచి చూడడం కూడా పూర్తయి ఉండాలి. ఉల్లిపాయలు, ఆకులు తరిగి పళ్లెంలో సిద్ధంగా ఉండాలి. ఆ తరువాతే నిప్పు రాజేయాలి. రొయ్య కాలడానికి నాలుగు నిమిషాలు పడుతుంది, స్క్విడ్‌కు రెండే నిమిషాలు. అవి కాలిన తరువాత వెల్లుల్లి వలుస్తూ కూర్చుంటే వేడి మీద రసం పీల్చుకోవలసిన ముక్క చల్లారి బిగుసుకుపోతుంది, ఇక ఎంత మంచి రసం పోసినా పైపైనే జారిపోతుంది.

నలుగురికి సరిపడా చేయాలంటే పొట్టు, తలలతో ఉన్న పెద్ద రొయ్యలు 400 గ్రాములు, ఒక్కొక్కటి జానెడు పొడవున్న స్క్విడ్‌లు 300 గ్రాములు తీసుకోవాలి. చెరువుల్లో పెంచిన రొయ్యల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే కనుక వనామీ రొయ్యలు మనకు ఎక్కడైనా దొరుకుతాయి. టైగర్ రొయ్యలు దొరికితే కండ మరింత గట్టిగా ఉండి నిప్పుకు బాగా ఆగుతాయి. థాయ్‌లాండ్‌లో అయుత్తయ పట్టణం నిప్పుల మీద కాల్చిన మంచినీటి పెద్ద రొయ్యలకు పేరు పొందింది. మన దగ్గర స్కాంపి పేరుతో అమ్మేది అదే జాతి, కాబట్టి అవి చేతికి అందిన రోజున ఈ వంటకానికి నిరభ్యంతరంగా వాడవచ్చు. వాటి తలలో ఉండే నారింజ రంగు కొవ్వును పారేయకుండా రసంలో కలిపితే వచ్చే రుచి మరి దేనితోనూ రాదు.

రొయ్య తాజాదైతే తల ఒంటికి గట్టిగా అతుక్కుని ఉంటుంది, పొట్టు మీద నల్ల మచ్చలు ఉండవు, ముక్కుకు సముద్రపు వాసన తప్ప ఘాటైన అమోనియా వాసన తగలదు. తాజా స్క్విడ్ చర్మం మీద గోధుమ, ఊదా రంగు చుక్కలు స్పష్టంగా మెరుస్తూ ఉంటాయి, లోపలి కండ పాల తెలుపులో ఉంటుంది. కండ గులాబీ రంగుకు తిరిగితే అది నిలవ సరుకు. సముద్రానికి దూరంగా ఉన్నవారు గడ్డకట్టించిన సరుకు వాడడంలో తప్పేమీ లేదు. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి నెమ్మదిగా కరగనివ్వాలే తప్ప వేడి నీళ్లు పోసి కరిగించకూడదు. చేప ముక్కలు కూడా వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. థాయ్‌లాండ్‌లో ‘ప్లా కపోంగ్’ అని ఇష్టంగా తినే చేప మన పండుగప్పే అయినా, కాల్చిన చేప కలిపేటప్పుడు పొరలు పొరలుగా విడిపోయి రసాన్ని మడ్డిగా మారుస్తుంది కనుక నేను ఇందులో వేయను.

ఇక రసం విషయానికి వద్దాం. థాయ్ వంటవారు దీనిని ‘నామ్ యామ్’ అంటారు. దీనికి నాలుగు పెద్ద చెంచాల నిమ్మరసం, మూడు పెద్ద చెంచాల చేపల సాస్, ఒకటిన్నర పెద్ద చెంచాల తాటిబెల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మూడు కొత్తిమీర వేర్లు, ఆరు నుంచి పది వరకు ఉసిమిరపకాయలు, ఒక పెద్ద చెంచా వేయించిన మిరపకాయల ముద్ద కావాలి. ఈ జాబితాలో ప్రతిదాని గురించీ చెప్పుకోవలసినది ఉంది.

చేపల సాస్‌ను థాయ్ భాషలో ‘నామ్ ప్లా’ అంటారు, అంటే చేపల నీరు. మనం నెత్తళ్లు అని పిలిచే చిన్న చేపల జాతిని ఉప్పుతో కలిపి పెద్ద తొట్లలో ఏడాదీ ఏడాదిన్నర ఊరబెడితే దిగే ఎర్రటి తేట ద్రవం ఇది. సీసా మూత తీయగానే వాసన ఘాటుగా కొడుతుంది. ఎండుచేపల కూర తెలిసిన ఇంటివారికి అది కొత్త కాదు. నిమ్మరసంలో కలిశాక ఆ ఘాటు అణిగిపోయి రుచి మాత్రమే మిగులుతుంది. కొనేటప్పుడు సీసా వెనుక చేపలు, ఉప్పు, మహా అయితే పంచదార తప్ప మరేమీ రాసి ఉండకపోవడం మంచిది. సీసా మీద స్క్విడ్ బొమ్మ ఉన్న ఒక ప్రసిద్ధ బ్రాండు మన నగరాల్లో దొరుకుతుంది. అది కూడా చిన్న చేపలతో చేసిందే, స్క్విడ్‌తో కాదు. సోయా సాస్ వేసి సరిపెట్టుకోవాలని చూస్తే రంగు నల్లబడుతుంది, రుచి చైనా వంటకం వైపు వెళ్లిపోతుంది. మిగతా వాటికి ప్రత్యామ్నాయాలు చెప్పగలను గాని దీనికి మాత్రం చెప్పలేను.

నిమ్మకాయ విషయంలో మనం అదృష్టవంతులం. థాయ్‌లో ‘మనావ్’ అని పిలిచేది మన పలుచని తొక్క కాగ్జీ నిమ్మ జాతికి చెందినదే, కాబట్టి గూడూరు నిమ్మకాయతో ఈ వంటకం ఏ లోటూ లేకుండా వస్తుంది. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఉంటున్న తెలుగువారు పసుపుపచ్చని పెద్ద లెమన్ బదులు ఆకుపచ్చ లైమ్ కొనుక్కోవాలి. రసాన్ని చివరి చుక్క దాకా పిండకూడదు, అలా పిండితే తొక్కలోని నూనె దిగి చేదు వస్తుంది. పిండిన రసం గంటల తరబడి నిలవ ఉన్నా, పొయ్యి వేడి తగిలినా చేదెక్కుతుంది కనుక ఆ పూటకు ఆ పూటే పిండుకోవాలి.

తీపికి పంచదార కంటే తాటిబెల్లం మేలు. బ్యాంకాక్‌కు నైరుతిగా ఉన్న ఫెచ్చబురి ప్రాంతం తాటిబెల్లానికి పేరు పొందింది, అక్కడి తాటిచెట్టు మన తాటిచెట్టే. మన తాటిబెల్లం నల్లగా, కాస్త మాడు వాసనతో ఉంటే పరిమాణం కొద్దిగా తగ్గించి, ఒక చెంచా వేడి నీటిలో కరిగించి వడగట్టి వాడాలి. చెరకు బెల్లం వేస్తే రసానికి పానకపు వాసన వస్తుంది, అందువల్ల తాటిబెల్లం లేనప్పుడు మామూలు పంచదారే నయం.

మిరపకాయలలో థాయ్‌వారు ‘ఫ్రిక్ ఖీ నూ’ అనే చిన్న రకాన్ని వాడతారు. మన ఉసిమిరపకాయలు దానికి సరిజోడు. గుంటూరు సన్నం రకానికి సాధారణంగా చెప్పే ఘాటు 35,000 నుంచి 40,000 స్కోవిల్ ప్రమాణాలైతే, ఈ చిన్న మిరపకాయకు 50,000 నుంచి 1,00,000 దాకా చెబుతారు, కాబట్టి ఆంధ్రులం కదా అన్న ధీమాతో గుప్పెడు వేయడం మంచిది కాదు. మొదటిసారి ఆరు వేసి చూడండి. మిరప అమెరికా ఖండాల నుంచి వచ్చిన పంట; దానిని ఆసియాకు తెచ్చిన పోర్చుగీసువారు అయుత్తయకు చేరింది 1511లో. అంతకు ముందు అక్కడ కారానికి ఆధారం మిరియమే, అందుకే ఇప్పటికీ మిరియాన్ని ‘ఫ్రిక్ థాయ్’, అంటే థాయ్ మిరప, అని పిలుస్తారు. మన మిరియం, మిరప అన్న మాటల దగ్గరితనం గుర్తొచ్చి ఈ పేరు విన్నప్పుడల్లా నాకు ముచ్చట వేస్తుంది.

కొత్తిమీర వేర్లు మన వంటింట్లో చెత్తబుట్టలోకి వెళ్లేవి, థాయ్ వంటలో మాత్రం ఆకుకంటే విలువైనవి. వేరులో ఆకు వాసన కంటే మట్టి వాసన కలిసిన లోతైన పరిమళం ఉంటుంది. కట్ట కొనేటప్పుడు వేళ్లతో ఉన్నదే అడిగి తీసుకుని, మట్టి పోయేలా గోటితో గీకి రెండు మూడు నీళ్లలో కడగాలి. చిన్న రాతి రోట్లో ముందు వేర్లను, వెల్లుల్లిని చిటికెడు ఉప్పుతో మెత్తగా దంచి, తరువాత మిరపకాయలు వేసి రెండు మూడు పోట్లు మాత్రమే వేయాలి. మిరపకాయ చిట్లాలి గాని ముద్ద కాకూడదు. థాయ్‌లాండ్‌లో చోన్‌బురి జిల్లాలోని ఆంగ్ సిలా ఊరి రాతి రోళ్లకు మంచి పేరుంది, అయితే మన ఇంట్లోని పచ్చడి రోలు ఆ పనికి ఏమాత్రం తీసిపోదు. మిక్సీలో వేస్తే వెల్లుల్లి నురగ కట్టి రసం తెల్లబడుతుంది.

వేయించిన మిరపకాయల ముద్దను ‘నామ్ ఫ్రిక్ ఫావ్’ అంటారు. సీసాలలో దొరుకుతుంది గాని ఇంట్లో చేసుకున్నదే బాగుంటుంది, మనకు అలవాటైన పని కూడా. గింజలు దులిపిన పదిహేను బ్యాడిగి రకం ఎండుమిరపకాయలను పొడిగా వేయించి తీసి, 100 గ్రాముల సాంబారు ఉల్లిపాయలను, 50 గ్రాముల వెల్లుల్లిని పెనం మీద అక్కడక్కడ నల్లబడేదాకా కాల్చి, రెండు చెంచాల ఎండు రొయ్యపప్పుతో కలిపి మెత్తగా నూరాలి. అర కప్పు నూనెలో ఆ ముద్దను సన్నని సెగ మీద వేయించి, మూడు చెంచాల చింతపండు గుజ్జు, అంతే తాటిబెల్లం, రెండు చెంచాల చేపల సాస్ చేర్చి, నూనె పైకి తేలేదాకా ఎనిమిది నుంచి పది నిమిషాలు కలుపుతూ ఉంచాలి. ముదురు ఎరుపులో జామ్‌లా దగ్గరపడుతుంది. చల్లారాక గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాలు ఉంటుంది.

ఇవన్నీ కలిపి, బెల్లం పూర్తిగా కరిగాక రసం రుచి చూడాలి. నాలుక మీద మొదట పులుపు, వెంటనే ఉప్పు, ఆ వెనుక కారం తెలిసి, తీపి వాటి మొనలను మొద్దుబార్చేంత మాత్రమే ఉండాలి. తీపి విడిగా తెలిసిందంటే ఎక్కువైందన్నమాట. విడిగా తాగితే ఈ రసం భరించలేనంత గాఢంగా అనిపించాలి, ఎందుకంటే రొయ్యల తీపి, ఉల్లిపాయల నీరు, టమాటాల నీరు చేరాక అది సగానికి పలచబడుతుంది. ఇక్కడ భయపడి తగ్గించినవారి సలాడ్ చివరకు చప్పగా తేలడం నేను చాలాసార్లు చూశాను.

ఆకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు నిమ్మగడ్డి కాడల పై గరుకు పొరలు తీసేసి, మొదలు వైపు లేత భాగాన్ని మాత్రమే కాగితమంత పలుచగా చక్రాలుగా కోయాలి. మందంగా కోస్తే పంటి కింద పీచులా అడ్డుపడుతుంది. ఆరు చిన్న ఉల్లిపాయలను నిలువుగా చీలికలు చేసుకోవాలి, రెండు గట్టి టమాటాలను ముక్కలుగా కోయాలి, గుప్పెడు పుదీనా ఆకులు, గుప్పెడు కొత్తిమీర తుంచి పెట్టుకోవాలి. థాయ్‌లాండ్‌లో సన్న కాడల సెలెరీ అనే ఆకును తప్పక వేస్తారు, దొరకకపోతే మామూలు సెలెరీ చివరి ఆకులు వేయవచ్చు. థాయ్ వంటలో పరిమళానికి వాడే మక్రూట్ నిమ్మ ఆకులు మూడింటిని ఈనె తీసి వెంట్రుకల్లా తరిగి వేస్తే పరిమళం ఇల్లంతా నిండుతుంది. అవి లేనిచోట, మజ్జిగలో వేసుకునే మన దబ్బాకును లేతగా ఉన్నది చూసి అదే విధంగా తరిగి వాడాను. వాసన అచ్చంగా అదే కాకపోయినా ఈ వంటకంలో ఒదిగిపోయింది. పచ్చివి పచ్చిగానే తింటాము కనుక ఆకులన్నిటినీ శుభ్రంగా కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, రొయ్యలు కోసిన పలక మీద కాకుండా వేరే పలక మీద తరగాలి. ఆకుల్లో నీళ్లు మిగిలితే రసం పాడవుతుంది.

స్క్విడ్ శుభ్రం చేయడం చూడడానికి చిక్కుగా ఉన్నా రెండోసారికే చేతికి వచ్చేస్తుంది. తలను పట్టుకుని మెల్లగా లాగితే లోపలి పేగులు, సిరా తిత్తి దానితోపాటే బయటకు వస్తాయి. కళ్ల ముందు కాళ్లను కోసి, వాటి మధ్య ఉన్న గట్టి ముక్కును నొక్కి తీసేయాలి. సంచిలాంటి శరీరంలో గాజు పుల్లలా పారదర్శకంగా ఉండే ఎముకను లాగేసి, పై చర్మాన్ని గోటితో ఒలిచి కడగాలి. తరువాత సంచిని ఒక పక్కన చీల్చి పుస్తకంలా తెరిచి, లోపలి వైపున కత్తితో అర సెంటీమీటరు ఎడంగా అడ్డంగా, మళ్లీ ఏటవాలుగా గాట్లు పెట్టాలి. గాటు మందంలో మూడో వంతుకు మించి దిగకూడదు. ఆ గాట్లలోకి వేడి, ఆ తరువాత రసం దిగుతాయి, ముక్క కూడా అందంగా విచ్చుకుంటుంది. రొయ్యలకు తల, పొట్టు ఉంచి, వీపు మీద కత్తెరతో పొడవునా కత్తిరించి నల్లని పేగు తీస్తే చాలు. పొట్టు ఉంటే కండ ఎండిపోదు, పొట్టు మాడిన వాసన కండకు పడుతుంది.

నిప్పుకు కొబ్బరి చిప్పల బొగ్గు శ్రేష్ఠం. వేడి ఎక్కువ, పొగ తక్కువ. బొగ్గుల మీద తెల్లని బూడిద పొర కట్టి, జాలీకి జానెడు ఎత్తున అరచేయి పెడితే రెండు మూడు సెకన్లకు మించి ఉంచలేనంత సెగ ఉన్నప్పుడే సరుకు వేయాలి. మూసిన గదిలోనూ, తలుపులు వేసిన బాల్కనీలోనూ బొగ్గు కాల్చడం ప్రాణాపాయం, ఎందుకంటే వాసనైనా తెలియకుండా కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుంది. అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు మందపాటి ఇనుప పెనాన్ని పొగ వచ్చేదాకా కాల్చి వాడుకోవడం మంచిది. పొగ వాసన కొంత తగ్గుతుంది గాని ముక్క రంగు, మెత్తదనం బాగానే వస్తాయి.

వేసే ముందు రొయ్యలను, స్క్విడ్‌ను పొడి గుడ్డతో గట్టిగా అద్ది తడి పూర్తిగా తీసేయాలి. తడి ఉంటే ముక్క కాలకుండా ఆవిరిలో ఉడుకుతుంది, అందులోని నీరు బయటకు కారుతుంది. పలుచగా నూనె రాయడం తప్ప ఉప్పు, నిమ్మరసం ఏవీ పట్టించవద్దు. నిమ్మరసంలో నానితే రొయ్య కండ నిప్పు తగలకముందే తెల్లబడి పిండిలా అవుతుంది. ముందు రొయ్యలను వేసి ఒక్కో వైపు రెండేసి నిమిషాలు కాల్చాలి. ఒళ్లంతా ఎర్రబడి, వీపు దగ్గర కండ లోపలిదాకా తెల్లబడి, రొయ్య విల్లులా వంగితే దించాలి, ఉంగరంలా చుట్టుకుపోతే ఆలస్యమైందన్నమాట. స్క్విడ్‌ను గాట్లు ఉన్న వైపు కిందికి వచ్చేలా వేసి, చుట్టుకోకుండా పట్టకారుతో ఒక నిమిషం అదిమిపట్టి, తిప్పి మరో నిమిషం ఉంచి తీసేయాలి. కాళ్లు చివర్లు కరకరలాడేదాకా ఇంకొక అర నిమిషం ఆగవచ్చు. స్క్విడ్ కండ రెండు మూడు నిమిషాలలోపైనా దిగాలి, లేదా అరగంటకు పైగా ఉడకాలి. ఆ మధ్యలో ఎప్పుడు దించినా రబ్బరే.

దించిన రొయ్యలను చేయి పట్టగలిగేంత వేడి తగ్గగానే పొట్టు ఒలిచి, తలలోని కొవ్వును రసంలోకి పిండి, స్క్విడ్‌ను వేలెడు ముక్కలుగా కోసి, అన్నిటినీ వెడల్పాటి గిన్నెలో వేయాలి. ముందుగా రసంలో మూడు వంతులు పోసి ముక్కలకు పట్టేలా రెండు మూడుసార్లు ఎగరేయాలి. ఆ తరువాత ఉల్లి, నిమ్మగడ్డి, టమాటాలు వేసి కలిపి, చివరగా పుదీనా, కొత్తిమీర, సెలెరీ, తరిగిన నిమ్మ ఆకు వేసి ఒక్కసారి మాత్రం కింది నుంచి పైకి కలపాలి. పుదీనాను ముందే వేస్తే వేడికి నల్లబడి వాడిపోతుంది. ఇప్పుడు ఒక ముక్క, ఒక ఆకు కలిపి నోట్లో వేసుకుని చూసి, మిగిలిన పావు వంతు రసం అవసరమైతేనే పోయాలి.

థాయ్ భోజనంలో యామ్‌ను విడిగా ముందు తినరు. అన్నం, ఒక పులుసు, ఒక వేపుడుతోపాటు నడుమ పెట్టుకుని అందరూ తలా కొంచెం వేసుకుంటారు. మనం నంజుకు తిన్నట్టే అనుకోవచ్చు. థాయ్ సువాసన బియ్యం లేకపోతే సోనామసూరి అన్నం సరిపోతుంది. పక్కన పచ్చి క్యాబేజీ ముక్కలు, కీరదోస, లేత బొబ్బర్లకాయలు పెడితే కారం అణుగుతుంది. కారం నీళ్లలో కరగదు కాబట్టి నీళ్లు తాగడం కంటే వట్టి అన్నం ముద్ద తినడం త్వరగా ఉపశమనం ఇస్తుంది. అతిథుల్లో రొయ్యలు, చేపలు పడనివారు ఉంటే వడ్డించే ముందే చెప్పాలి, ఎందుకంటే కనిపించే రొయ్యలతోపాటు సాస్‌లో చేప, మిరపకాయల ముద్దలో ఎండురొయ్య కూడా ఉన్నాయి. పళ్లెంలో ముక్కలు మిగిలితే మరునాటికి దాచవద్దు, పులుపుకు గట్టిపడతాయి. అడుగున మిగిలిన రసాన్ని మాత్రం వేడి అన్నంలో కలుపుకుని ఆ పూటే తినండి.